ఒకే టేబుల్ చుట్టూ ఇన్ని రకాల చేతులు: ప్రీస్కూల్ క్లాసులో వేళ్ళ పని ఎలా చేయించాలి

టేబుల్ దగ్గర పూసలు గుచ్చే పని జరుగుతోంది, పిల్లలందరూ చుట్టూ చేరి తాడు కొస వంకరపోతే మళ్ళీ సరిచేసుకుంటూ గుచ్చుతున్నారు, ఒక బాబు మాత్రం గోడ పక్కన కుర్చీలో కూర్చుని స్పాంజి బాల్ నొక్కుతున్నాడు. వాడి వేళ్ళకి పట్టు తక్కువ, ముందు బలం రావాలి తర్వాత పూసలు అనుకుని అక్కడ కూర్చోబెట్టింది నేనే. బాల్ చేతిలో ఉంది గానీ కళ్ళు మొత్తం టేబుల్ మీదే, బాల్ కిందపడితే తీసుకోవాలని కూడా లేదు వాడికి. మర్నాడు అదే టేబుల్ దగ్గర వాడికీ కుర్చీ వేశాను. బంకమట్టి ముద్ద ఒకటి టేబుల్‌కి గట్టిగా అదిమి, అందులో పైప్ క్లీనర్ (మెత్తటి బొచ్చు చుట్టిన సన్నటి తీగ) నిలువుగా గుచ్చి, పెద్ద రంధ్రం ఉన్న చెక్క పూసలు నాలుగు పక్కన పెట్టాను. మొదటి పూస తొడగడానికి చాలా సేపు పట్టింది, రెండుసార్లు జారిపోయింది, మూడోసారి పూస కిందకి దిగి మట్టికి తగలగానే నా వైపు చూడలేదు వాడు, పక్కనున్న పాప వైపు చూశాడు. ఆ పాప తన తాడు మీంచి కళ్ళు తియ్యకుండానే "ఇప్పుడు ఎర్రది వెయ్" అంది.

అప్పట్నుంచి నా పద్ధతి ఇదే, పిల్లాడిని టేబుల్ దగ్గర్నుంచి లేపను, టేబుల్ మీదున్న వస్తువుని మారుస్తాను. కింద రాసేదంతా ఆ ఒక్క పద్ధతి ఎలా నడపాలో చెప్పడానికే. క్లాసులో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్నవాళ్ళు, ఆటిజం ఉన్నవాళ్ళు, చూపు తక్కువ ఉన్నవాళ్ళు, ఏ పేరూ పెట్టని కానీ గుండీ పెట్టుకోవడానికి ఏడ్చేవాళ్ళు, అందరూ కలిసి ఉన్నప్పుడు ఏం చేయొచ్చో నాకు పనిచేసినవి చెప్తున్నా.

ముందు కుర్చీ కింద చూడండి

వేళ్ళ గురించి మాట్లాడే ముందు పాదాల గురించి మాట్లాడాలి. మీరే ఒకసారి ఎత్తు స్టూల్ మీద కాళ్ళు గాల్లో వేలాడేసి కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూడండి, ఒళ్ళంతా బ్యాలెన్స్ కోసం బిగుసుకుపోతుంది, వేళ్ళకి మిగిలేది తక్కువ. చాలా క్లాసుల్లో పిల్లలు ఇలాగే కూర్చుంటారు, మనమేమో "వీడు కుదురుగా ఉండడు" అంటాం. పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి, ఆనకపోతే కింద పీట గానీ, పాత పుస్తకాలు కట్టగా పెట్టి టేప్ చుట్టి గానీ పెట్టండి. మోకాళ్ళు, నడుము దాదాపు 90 డిగ్రీల్లో వంగి ఉండాలి, టేబుల్ ఎత్తు మోచెయ్యి మడిస్తే వచ్చే ఎత్తుకి కొంచెం అటూఇటూగా ఉండాలి. టేబుల్ మరీ ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, అది చూడగానే తెలిసిపోతుంది. సీటు మీంచి జారిపోయే పిల్లలకి జారని రబ్బరు మ్యాట్ ముక్క ఒకటి కింద వేస్తే ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది. వీల్‌చెయిర్‌లో ఉన్న పాపకి పని ట్రే మీద వేరుగా ఇచ్చెయ్యడం తేలిక, కానీ ఆ చెయిర్ లోపలికి పట్టే ఎత్తున్న టేబుల్ దగ్గరికే మిగతా పిల్లల్ని కూడా తీసుకురావడం నాకు సరైన పని అనిపిస్తుంది.

రెండోది, గోడ. పేపర్‌ని టేబుల్ మీద కాకుండా పిల్లల కళ్ళ ఎత్తులో గోడకి అంటించి గియ్యమనండి. చెయ్యి పైకెత్తి గీసేటప్పుడు మణికట్టు దానంతటదే వెనక్కి వంగుతుంది, అలా వంగినప్పుడే వేళ్ళు వస్తువుని బాగా పట్టుకోగలవు, భుజానికి కూడా పని పడుతుంది. బలం భుజం నుంచి మోచేతికి, అక్కడ్నుంచి మణికట్టుకి, చివరికి వేళ్ళకి దిగుతుంది కాబట్టి బోర్డు తుడవడం, నీళ్ళలో ముంచిన బ్రష్‌తో గోడ మీద గీయడం, నేల మీద బోర్లా పడుకుని బొమ్మకి రంగు వెయ్యడం ఇవన్నీ వేళ్ళ పనే. గోడ దగ్గర నిలబడలేని బిడ్డకి టేబుల్ మీద లావుపాటి ఫైల్ ఏటవాలుగా పెట్టి దాని మీద పేపర్ అంటించండి, సుమారుగా అదే ఫలితం.

వయసు లెక్క ఒక అంచనాకే

2 ఏళ్ళకి క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకోవడం మామూలే, 3 దగ్గర వేళ్ళు కిందకి పెట్టి పట్టుకుంటారు, మూడున్నర నాలుగు మధ్య మూడు వేళ్ళతో పట్టుకున్నా కదిలేది మాత్రం మొత్తం చెయ్యి, వేళ్ళు మాత్రమే కదిలే పట్టు చాలామందికి 5, 6 ఏళ్ళ మధ్యలో గానీ రాదు. చూసి గియ్యడంలో కూడా అంతే, నిలువు గీత 2 దగ్గర, సున్నా 3 దగ్గర, ప్లస్ గుర్తు 4 దగ్గర, చతురస్రం నాలుగున్నర నుంచి 5, త్రిభుజం ఆ తర్వాత. వరస చాలావరకు ఇదే ఉంటుంది, వయసు మాత్రం బిడ్డని బట్టి ముందూవెనకా అవుతుంది. మనకి కావాల్సింది వరసే, ఎందుకంటే 5 ఏళ్ళ బాబు ఇంకా నిలువు గీత దగ్గరుంటే వాడికి తర్వాత ఇవ్వాల్సింది సున్నా, వాడి వయసువాళ్ళు గీస్తున్నారని త్రిభుజం ఇవ్వకూడదు.

ఇంకో విషయం, మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవి దాదాపు మృదులాస్థిగానే ఉంటాయి, ఒక్కొక్కటిగా ఏళ్ళ తరబడి గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిది గట్టిపడేసరికి 8 ఏళ్ళు దాటుతుంది. అలాంటి చేతికి 3 ఏళ్ళకే నాలుగు గీతల పుస్తకం ఇచ్చి పేజీలు నింపమనడం తొందరే అని నేను గట్టిగా నమ్ముతాను, ఆ టైమ్ మట్టికీ కత్తెరకీ ఇవ్వండి.

కత్తెర పని ఒక్కటి పూర్తిగా చూద్దాం

ఎందుకంటే ఇందులో అన్నీ ఉన్నాయి, రెండు చేతులు రెండు వేరే పనులు చెయ్యాలి, వేళ్ళు తెరవాలి మూయాలి, కళ్ళు ముందుకి చూడాలి. కత్తెర ఇవ్వకముందు కొన్ని రోజులు కాగితం చింపనివ్వండి, రెండు బొటనవేళ్ళూ దగ్గర పెట్టి ఒకటి ముందుకి ఒకటి వెనక్కి. తర్వాత పట్టకారుతో దూది ఉండలు తియ్యడం, బట్టల క్లిప్పులు అట్టకి పెట్టడం, ఇవి తెరిచి మూసే కదలికని నేర్పుతాయి.

కత్తెర మొదలెట్టేటప్పుడు పల్చటి కాగితం ఇవ్వకండి, అది వంగిపోతుంది, పిల్లలు విసుక్కుంటారు. గ్రీటింగ్ కార్డులాంటి మందం కాగితాన్ని 1 సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి ఇవ్వండి, ఒక్క కోతకే ముక్క తెగి పడుతుంది, అది చాలా తృప్తి. పడిన ముక్కల్ని గిన్నెలో వేసుకుని తర్వాత బొమ్మకి అతికించుకోవచ్చు, అంటే ఒట్టి ప్రాక్టీసు అనిపించదు. ఆ తర్వాత పట్టీ వెడల్పు పెంచండి, తర్వాత లావు గీత మీద, తర్వాత వంపు, తర్వాత మూలలు. బొటనవేలు ఎప్పుడూ పైకి చూడాలి, దానికోసం బొటనవేలి గోరు మీద చిన్న స్టిక్కర్ అంటించి "స్టిక్కర్ నిన్ను చూస్తోందా" అని అడుగుతుంటాను, వంద సార్లు "చెయ్యి తిప్పు" అని అరిచేకంటే ఇది మేలు. మోచేతులు రెక్కల్లా విచ్చుకుంటుంటే చంకలో కాగితం ముక్క పెట్టి పడకుండా చూసుకోమనండి.

ఇప్పుడు అదే టేబుల్ దగ్గర వస్తువు ఎలా మారుతుందో చూడండి. వేళ్ళు మూయగలిగి తెరవలేని పాపకి స్ప్రింగ్ కత్తెర, నొక్కితే మూసుకుంటుంది, వదిలితే అదే తెరుచుకుంటుంది. వేళ్ళు విడివిడిగా కదలని బాబుకి లూప్ కత్తెర, గుప్పిటతో పిండితే చాలు. ఒక్క చెయ్యే పనిచేసే బిడ్డకి చెక్కకి బిగించిన కత్తెర, పైనుంచి అరచేత్తో నొక్కాలి, కాగితాన్ని పక్కవాళ్ళు పట్టుకుంటారు. నాలుగు రంధ్రాల కత్తెర కూడా ఉంటుంది, మన వేళ్ళూ వాళ్ళ వేళ్ళూ కలిపి పెట్టుకోడానికి. ఎడమచేతి వాళ్ళకి ఎడమచేతి కత్తెరే ఇవ్వండి, మామూలు కత్తెర ఎడమచేత్తో వాడితే బ్లేడు గీతని కప్పేస్తుంది, నొక్కే వైపు కూడా తిరగబడి కాగితం తెగక నలుగుతుంది. వాళ్ళని టేబుల్ ఎడమ చివర కూర్చోబెట్టడం మర్చిపోకండి, మోచేతులు గుద్దుకోవు. ఏ చెయ్యి వాడాలో మీరు తేల్చకండి, 4 నుంచి 6 ఏళ్ళ లోపు చాలామందికి అదే స్థిరపడుతుంది, వస్తువుని మధ్యలో పెట్టండి, వాళ్ళే ఎంచుకుంటారు.

ఈ కత్తెరలన్నీ ఒకే బుట్టలో ఉంచుతాను, ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు. లూప్ కత్తెర "ఆ బాబు కత్తెర" అయిపోకూడదు. ఇష్టమై వాడిన మిగతా పిల్లలకి దానివల్ల నష్టమేం లేదు.

చేతిని బట్టి చిన్న చిన్న మార్పులు

కండరాలు మెత్తగా, కీళ్ళు వదులుగా ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్‌లో ఇది ఎక్కువ, వేళ్ళు కూడా పొట్టిగా ఉంటాయి. వీళ్ళకి పొట్టి, లావు పిడులు బాగుంటాయి. పని కొద్దికొద్దిగా రోజుకి చాలాసార్లు పెట్టండి, ఒకేసారి అరగంట వద్దు. మట్టి పిసికే ముందు కాసేపు ఏనుగులా చేతుల మీద నడవడం, గోడని తొయ్యడం చేయిస్తే చేతులు మేలుకుంటాయి, క్లాసంతా కలిసి చేసేస్తే సరదాగా ఉంటుంది.

సెరిబ్రల్ పాల్సీలో బిగుసుకుపోయే చెయ్యి దీనికి పూర్తిగా రివర్స్. పిడికిలి బిగిసి ఉంటే వేళ్ళ కొసలు పట్టుకుని లాగి తెరవకండి, ఇంకా బిగుస్తుంది, నొప్పి కూడా. మణికట్టుని నెమ్మదిగా కొంచెం కిందకి వంచితే వేళ్ళు వదులవుతాయి, ఇది ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపిస్ట్) దగ్గర ఒకసారి కళ్ళారా చూసి నేర్చుకోండి. ఇలాంటి చేతికి పట్టుకోవడం కన్నా వదలడమే కష్టం, అందుకని వెడల్పు మూతి డబ్బాలో వస్తువులు పడెయ్యడం మంచి ఆట. పడగానే చప్పుడు వచ్చే డబ్బా అయితే మరీ మంచిది. కాగితాన్ని టేబుల్‌కి టేప్ వేసి అంటించండి, గిన్నె కింద జారని మ్యాట్ వెయ్యండి, రెండో చెయ్యి సరిగ్గా పనిచెయ్యకపోయినా కాగితం మీద బరువుగా పెట్టించండి, ఆ చేతిని మర్చిపోనివ్వకూడదు.

తాకితే చిరాకుపడే పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరు ఇలా ఉంటారు, రంగులో జిగురులో చెయ్యి పెట్టాలంటే వణికిపోతారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని ముంచడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, ఒక్కసారి అలా జరిగితే ఆ టేబుల్ దగ్గరికి నెలల తరబడి రారు. రంగుని జిప్ కవర్లో పోసి అంచులకి టేప్ వేసి ఇవ్వండి, పైనుంచి నొక్కి గీసుకుంటారు, లేదా బ్రష్ ఇవ్వండి, పక్కనే తడిగుడ్డ పెట్టండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చని తెలిస్తే ధైర్యం వస్తుంది.

చూపు తక్కువ ఉన్న పాపకి నల్లటి ట్రేలో తెల్లటి లేదా పసుపు పూసలు, ట్రేకి అంచు ఉండాలి, దొర్లిపోయిన పూస వెతుక్కోవడంలోనే పని టైమ్ పోకూడదు. గీతల మీద జిగురు ఆరబెట్టి ఉబ్బెత్తుగా చేస్తే వేలితో తడిమి తెలుసుకుంటుంది. వస్తువులు రోజూ అదే చోట ఉండాలి.

కండరాల క్షీణత ఉన్న బిడ్డ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త, "బలం రావాలి" అని గట్టి మట్టి పిసికించడం, గట్టి స్ప్రింగులు నొక్కించడం వద్దు, అలసట వాళ్ళకి హాని చేస్తుంది. తేలిగ్గా తాకితే గీత పడే మార్కర్లు ఇవ్వండి, మధ్యలో విశ్రాంతి ఇవ్వండి. అన్ని చేతులకీ ఒకే ఎక్సర్‌సైజు ఇవ్వకూడదు అనడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు తెలీదు.

సాయం ఎంత, ఎక్కడ

మనం ఎక్కువగా చేసే తప్పు పిల్లాడి చెయ్యి మీద మన చెయ్యి వేసి పని చేయించేయడం. బొమ్మ పూర్తవుతుంది గానీ వాడి చేతికి ఏమీ తెలీదు. దాని బదులు మన చెయ్యి కింద, వాళ్ళ చెయ్యి పైన, పని మన చెయ్యి చేస్తుంటే కదలిక వాళ్ళకి అందుతుంది, వద్దనుకుంటే చెయ్యి తీసేసుకునే స్వేచ్ఛ కూడా వాళ్ళకి ఉంటుంది. ముఖ్యంగా చూపు లేని పిల్లలకీ, తాకితే ఇబ్బందిపడేవాళ్ళకీ ఇదే పద్ధతి.

రెండోది, ఆగడం. చెప్పిన తర్వాత మనసులో 10 లెక్కపెట్టండి. కొంతమంది పిల్లలకి మాట విని, ఏ చెయ్యి ఎలా కదపాలో ఆలోచించి, కదిపేసరికి అంత టైమ్ పడుతుంది, మనం మూడు లెక్కపెట్టేలోపే మళ్ళీ చెప్తే వాళ్ళ ఆలోచన మళ్ళీ మొదటికొస్తుంది. మాటలు కూడా తగ్గించండి, "తెరువు, మూయి, తెరువు, మూయి" చాలు.

మూడోది, చివరి నుంచి నేర్పడం. కోటు జిప్ తీసుకోండి, కింద పిన్ను గూట్లో దూర్చడం అన్నిటికన్నా కష్టం, కాబట్టి అది నేను చేస్తాను, కింద అంచుని బిగించి పట్టుకుంటాను, పైకి మూడొంతులు లాగుతాను, చివరి కొంచెం మాత్రం బిడ్డ లాగుతుంది. "అయిపోయింది!" అనేది వాళ్ళ చేతిలోనే జరగాలి. కొన్ని రోజులకి సగం, తర్వాత మొత్తం లాగడం, ఆఖర్న పిన్ను. జిప్ తలకి చిన్న రింగు తగిలిస్తే వేలు దూర్చి లాగొచ్చు, చిటికె పట్టు లేకపోయినా సరే. మొదటి మెట్టు నుంచి నేర్పితే రోజూ కష్టమైన చోటే ఆగిపోయి ఓడిపోయినట్టు అనిపిస్తుంది వాళ్ళకి.

ఇలాంటి పనులు రోజంతా ఉన్నాయి, వాటికి వేరే పీరియడ్ అక్కర్లేదు. బ్యాగ్ తెరవడం, బాటిల్ మూత తిప్పడం, కుళాయి తిప్పడం, చెప్పు పట్టీ అంటించడం, తడిగుడ్డ పిండి టేబుల్ తుడవడం. హడావిడిలో ఇవన్నీ మనమే చేసేస్తాం. ఇంటికెళ్ళే టైమ్‌ని 10 నిమిషాలు ముందుకి జరపండి, అంతే, ఆ 10 నిమిషాల్లో జరిగే అభ్యాసం ఏ వర్క్‌షీటులోనూ రాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పిల్లల ఇల్లు తెరిచినప్పుడు గుండీలు, లేసులు కట్టుకునే చట్రాలు పెట్టింది, మూడు వేళ్ళతో పట్టుకునే బుడిపెలున్న చెక్క స్థూపాలు పెట్టింది. అంతకుముందు ఆవిడ పనిచేసింది వైకల్యం ఉన్న పిల్లలతోనే, అక్కడి అనుభవమే తర్వాత అందరి పిల్లలకీ పనికొచ్చింది.

క్రేయాన్ గురించి చిన్నగా

క్రేయాన్లు విరిగిపోయాయని పారెయ్యకండి. 2, 3 సెంటీమీటర్ల ముక్క ఉంటే పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు, వేళ్ళ కొసలే వాడాల్సి వస్తుంది, మీరేం చెప్పకుండానే పట్టు మారుతుంది. ఒక్కోసారి చిటికెన, ఉంగరం వేళ్ళ కింద చిన్న దూది ఉండ దాచుకోమనండి, మిగతా మూడు వేళ్ళూ పనిలోకి దిగుతాయి. నాలుగు వేళ్ళతో పట్టుకున్నా గీత బాగా వస్తుంటే, చెయ్యి నొప్పి లేకపోతే వదిలెయ్యండి.

జాగ్రత్తలు

నోట్లో పెట్టుకునే అలవాటు వయసుతో పోదు అందరికీ, కాబట్టి "4 ఏళ్ళు వచ్చాయి కదా" అనుకోవద్దు. బొమ్మల భద్రత పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేది ఏదైనా 3 ఏళ్ళలోపు పిల్లలకి ఊపిరాడకుండా చేసే ప్రమాదం ఉన్నట్టు లెక్క, నోట్లో పెట్టుకునే పెద్ద పిల్లలకీ అదే కొలత వాడండి. నీళ్ళలో ఉబ్బే పూసలు, చిన్న బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు క్లాసులోకే రానివ్వకండి. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగ్గా మూసుకోని స్థితి) ఉన్న పిల్లల్లో లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది, అందుకని రబ్బర్ బ్యాండ్లు, బెలూన్లతో చేసే ఆటలు పెట్టేముందు పేరెంట్స్‌ని అడగండి. గోధుమపిండితో చేసిన ఆట ముద్ద (డో) కూడా కొందరికి పడదు.

రాసుకోండి

వారానికి ఒక్కో బిడ్డకి రెండు లైన్లు చాలు. "వీక్" "పర్లేదు" లాంటి మాటలు వద్దు, చూసింది రాయండి: పైప్ క్లీనర్ మీద 4 పూసలు ఎక్కించాడు, ఎడమ చెయ్యి పట్టుకోడానికి వాడాడు, ఐదో పూసకి లేచి వెళ్ళిపోయాడు. ఈ లైను ఓటీకి పనికొస్తుంది, పేరెంట్స్‌కి కూడా. పేరెంట్స్‌తో మాట్లాడేటప్పుడు చెయ్యగలిగింది ముందు చెప్పండి, తర్వాత కష్టమైంది, తర్వాత క్లాసులో ఏం మార్చామో, ఇంట్లో అదే మార్పు ఎక్కడ పెట్టొచ్చో. స్నానం దగ్గర స్పాంజి పిండడం, చొక్కా చివరి గుండీ పెట్టుకోవడం, ఒకటే చెప్పండి, పది చెప్తే ఒక్కటీ జరగదు.

ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగిసే ఉండి పనిలోకి రాకపోతే, రెండు మూడు నెలలు వస్తువులు మార్చి చూసినా ఏ కదలికా లేకపోతే, చెయ్యి వణుకుతుంటే ఓటీకీ డాక్టరుకీ చూపించమని చెప్పండి. ఇంతకుముందు చేసే పని ఇప్పుడు చెయ్యలేకపోతుంటే, అంటే పోయిన నెల గుండీ పెట్టుకున్న పాప ఈ నెల పెట్టుకోలేకపోతే, పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చెయ్యండి.